అయిదో మేజోడు

షరతు ఒక్కటే. సీసా ధర
ముప్పై అయిదు లేయిలు దాటకూడదు.
దాటించినవాళ్ళు ఆ రాత్రి గ్లాసులన్నీ కడగాలి.

స్మరాండా ట్రామ్ షెడ్డు నుంచి తిన్నగా వచ్చింది,
యూనిఫాం మీదే.
అయిదు సీసాలకు వాళ్ళాయన ఉన్ని మేజోళ్ళు తొడిగింది,
మెడ దాకా. లేబుల్ కనిపించకూడదుగా.
వాటికి బట్టల క్లిప్పులు, క్లిప్పుల మీద అంకెలు.
మూడో మేజోడుకి మడమ దగ్గర చిరుగు.
అటు చూడొద్దని ఆజ్ఞ.

తిమిషోవారాలో నవంబరు. నాలుగో అంతస్తు.
కిటికీ కింద బేగా కాలువ
పొగమంచు ముసుగుతన్ని పడుకుంది.

పినో నువార్‌ది పలచటి ఒళ్ళు.
మిగతా ఎర్ర వైన్లు తలుపు తోసుకుని వస్తాయి;
ఇది గడప దగ్గర చెప్పులు విడిచి
ఎవరైనా రమ్మంటారేమోనని నిలబడుతుంది.
చవగ్గా చేస్తే దాని లోపాలన్నీ
ఆ పలచదనంలోంచి కనిపించిపోతాయి.
అందుకే మాకిష్టం. మేమూ చవకవాళ్ళమే.

ఒకటి: పుల్ల చెర్రీ, గింజ చుట్టూ ఉండే వగరు.
రెండు: జామ్ సీసా అడుగున గీకిన తీపి.
"చిలీది," అన్నాడు లీవియు, "ఎండ ఎక్కువైంది."
మూడు గురించి చెప్పడానికేమీ లేదు,
చిరుగు గురించే ఎక్కువ మాట్లాడాం.

జోల్తాన్ మాస్టారికి వాసన తెలియదు.
పద్నాలుగు నెలల కిందటి జ్వరం
ఆయన ముక్కు ఖాళీ చేసి, తాళం వేసి,
చెవి పట్టుకుపోయింది.
నలభై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పిన ముక్కు.
గంధకమో అమ్మోనియానో
వరండాలోంచే పసిగట్టిన ముక్కు.
అయినా నెలనెలా వస్తాడు, రొట్టె తెస్తాడు,
గ్లాసు కింద నిన్నటి పేపరు పరిచి
వైన్‌లోంచి చదువుతాడు.
"ఒకటిలోంచి మరణవార్తలు కూడా చదవొచ్చు.
రెండులోంచి హెడ్డింగులే."
అదీ ఆయన మార్కుల పద్ధతి.

పులుపు, తీపి, వగరు పైకే అంటాం,
అవి ఆయనకీ తెలుస్తాయి.
గులాబీ అనం. రాలిన ఆకులు అనం.
మనిషి పోయిన ఇంట్లో పెళ్ళి కబురు చెప్పనట్టు
వాసనల పేర్లు మింగేసి
కాగితం మీద రాసి బోర్లా పెడతాం.

నాలుగు బాగుంది.
దాని మీద వెతూరియా, లీవియు
కాగితాలు మార్చుకుని, ఒకరి రాత ఒకరు కొట్టేసి
మాట లేకుండా పోట్లాడుకున్నారు.

అయిదు. రంగు బాగానే ఉంది.
మొదటి గుక్కకే లీవియు సింకు దగ్గరికి పరుగు.
బిరడా చెడింది.
"ఇది లెక్కలోకి రాదు,"
వెతూరియా గ్లాసు దూరంగా జరిపింది.

"ఆగండి."

మాస్టారు ఆ గ్లాసులో ముక్కు దాదాపు ముంచేశాడు.
వంతెన మీద ట్రామ్ ఒకటి ఎక్కి, దిగి, వెళ్ళిపోయింది.
"తడి అట్ట," అన్నాడు.
"కాదు, ల్యాబు బీరువా కింద
వాన నీళ్ళలో నానిన జవాబు కాగితాలు.
ఎనభై మూడు. అన్నీ మళ్ళీ రాయించాను పాపం."

ఎవరూ గ్లాసు ఎత్తలేదు.
స్మరాండా మిగతావి వరసగా పోసి అందించింది.
ఒకటి, తల అడ్డంగా.
నాలుగు, తల అడ్డంగా.
మళ్ళీ అయిదు.
"ఉంది," అన్నాడు. "ఇక్కడే ఉంది."

మేజోడు కిందికి లాగి ధర చూశారు.
ముప్పై తొమ్మిది. తెచ్చింది నేనే.
గ్లాసులన్నీ నేనే కడిగాను.

సీసా మాత్రం మేజోడుతో సహా
మాస్టారి కోటు లోపల నాలుగంతస్తులూ దిగిపోయింది.
స్మరాండా వాళ్ళాయన ఇప్పటికీ
ఒంటి మేజోడు చేత్తో పట్టుకుని
ఇంకోటేదని అడుగుతూనే ఉన్నాడు.