వేబ్రిడ్జి కాడ తొమ్మిదో రోజు

బంగారుపాళెం దాటినాక పల్ప్ ఫ్యాక్టరీ.
గేటు లోపల వేబ్రిడ్జి, దాని పక్కన గది,
గదిలో నేను.
పందొమ్మిది సీజన్లుగా బరువులు రాస్తా ఉండాను.
లోడుతో ఎంత, ఖాళీగా ఎంత,
తేడా ఎంత.

మొదటి రోజు ఏమీ కాలేదు.
ఇంతేనా అనుకుంటి.
రెండో రోజు చేతులకి పని లేకుండా పోయింది.
పెన్ను క్యాపు కొరికినాను, స్లిప్పులు మడతలు పెట్టినాను.
కుడిచేతి రెండు వేళ్లు, పొగకి పచ్చబడినవి,
దేన్నో పట్టుకున్నట్టే ఎడంగా నిలబడి
ఊరికే అదరతా ఉండాయి,
లారీ ఎక్కినప్పుడు అంకెలు
ఒకచోట నిలవనట్టు.

మూడో రోజు తలకాయ.
నొప్పి అనేదానికి లేదు,
నెత్తిన కాయల క్రేటు పెట్టి
దించేవాళ్లు మరిచిపోయినట్టు.
దామలచెరువు రైతు ఒకాయన
"ఇరవై కేజీలు యాడికి పొయినాయి సామీ" అంటే
నా గొంతు నాకే తెలీకుండా లేచింది.
ఆయప్ప ఏమీ అనలేదు.
స్లిప్పు తలపాగాలో దోపుకొని
ట్రాక్టరు నీడలోకి పొయ్యి కూచున్నాడు.
ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే
సిగరెట్టు ఒక్కటే కారణం కాదు.

నాలుగో రాత్రి కన్నంటుకుంటే కల.
కొత్త ప్యాకెట్టు. రేకు చింపినాను, అగ్గిపుల్ల గీసినాను,
గుండెల నిండా పీల్చినాను కూడా.
దొంగ మాదిరి లేచి
అరచేతిలోకి ఊది వాసన చూసుకుంటి.
బనియన్ చెమటకి తడిసి ముద్ద.
"తాగితివా?" చీకట్లోంచి రెడ్డెమ్మ.
"కలలో."
"దుడ్లు కాలేదు గదా. పడుకో."

ఇంక చెప్పుకోలేనివి ఉండాయి.
పొద్దున్నే పొగ పడందే కడుపు కదలదని
ఇరవై ఆరేండ్లు నమ్మితి. అది నిజమే.
ఐదు రోజులు గోడ మీది బల్లితో మాట్లాడినాను.
నాలిక అంచున పుండ్లు,
ఊరిబిండి తగిలితే కండ్లలో నీళ్లు.
అయినా సంగటి రెండు ముద్దలు తినేవాణ్ణి
నాలుగు తింటా ఉండాను, ఏడస్తానే.

దగ్గు మాత్రం మోసం చేసింది.
మానేస్తే తగ్గాల గదా?
తాగేటప్పుడు లేనిది ఇప్పుడు వచ్చింది,
పాతబావి పూడిక తీసినట్టు
అడుగు నుంచి, గోధుమ రంగులో.
చిత్తూరు పెద్దాస్పత్రిలో చిన్న డాక్టరమ్మ
వీపున స్టెతస్కోపు ఆనించి అనింది,
"లోపల ఊడ్చేవాళ్లు ఇన్నాళ్లకి డ్యూటీకి వచ్చినారు.
దుమ్ము లేస్తుంది మరి."
నవ్వొచ్చింది. నవ్వితే మళ్లా దగ్గు.

బయట జూన్ నెల.
కిలోమీటరు పొడుగున ట్రాక్టర్లు, రెండు రాత్రులుగా.
ప్రతి చక్రం కాడా ఒక నిప్పుచుక్క.
గుడియాత్తం డ్రైవరు సెల్వం
కిటికీలోంచి బీడీ చాపుతాడు, అలవాటుగా.
వద్దంటే మొగం తేరిపార చూసి
"జొరమా అన్నా?"
లవంగం నములుతా
"అట్లాంటిదే" అంటాను.

తొమ్మిదో రోజు, రాత్రి రెండున్నర.
ఏదో ట్రాక్టరు పలక మీదికి ఎక్కింది.
అంకె నిలబడే లోపల
ముక్కుకి వచ్చి కొట్టింది
తోతాపురి.
తీపి కాదు ముందు. తొడిమ కాడి సొన,
పులుపు, ఎండుగడ్డి, కొంచెం డీజిలు,
వాటన్నిటి కింద పండు.
ఎన్ని వేల టన్నులు నా ముందు నుంచి పొయినాయో
పుస్తకంలో ఉండాది.
వాసన పుస్తకంలో లేదు.

దాని వెనకనే ఇంకోటి,
ఫ్యాక్టరీ వెనక కుప్పబోసిన తొక్కలు, టెంకలు, కుళ్లు.
వాంతి వచ్చినంత పని అయింది.
ఆ తరవాత కుర్చీకి వేలాడే నా చొక్కా.
దీన్ని రెడ్డెమ్మ ఇన్నేండ్లూ
ఏమీ అనకుండా ఉతికింది.

"ఎంత సామీ?" కింద నుంచి కేక.
తల బయట పెడితే
అదే తలపాగా, దామలచెరువు ఆయప్ప.
"వెనక్కి తీసి ఇంకోసారి ఎక్కించు పెద్దాయనా,
సరిగ్గా చూస్తాను" అంటి.
ఎక్కించినాడు.
అంకెలు ఊగతా ఉండాయి. నా వేళ్లూ ఊగతా ఉండాయి.
ఏవి ముందు నిలబడతాయా అని
ఇద్దరం చూస్తా ఉండాం.