లభ్యం కాలేదు

కొత్తపేట కల్యాణమండపంలో
రాత్రి పెళ్లికి కట్టిన బంతిపూలు ఇంకా వాడలేదు.
వాటి కిందే ఇవాళ చరిత్ర పండుగ.
పెళ్లికూతురి పేరు పీకేసిన థర్మోకోల్ అట్ట మీద
"మన ఊరు, మన దస్తావేజులు" అంటించారు.
"వెడ్స్" అన్న ముక్క మాత్రం ఊడిరాలేదు.

అద్దాల బల్లల్లో
నేను ముప్పై మూడేళ్లు మోసిన కట్టలు.
ఇంత వెలుతురు వాటికి కొత్త.
కాలేజీ పిల్లలు తెల్లటి తొడుగులేసుకుని
ఒక్కో కాగితం ఊపిరి బిగబట్టి తిప్పుతుంటే
నవ్వొచ్చింది నాకు.
మే నెల మధ్యాహ్నాలు
ఇవే తలకింద పెట్టుకుని పడుకునేవాణ్ణి.

మైకులో పిలిచారు:
నూర్‌బాషా నాగుల్‌మీరా, రికార్డు గది అటెండరు, రిటైర్డు.
"కాగితాల కాపరి" అన్నారు.
చేతిలో నిమ్మకాయ, భుజాల మీద శాలువా.
ఈ ఉక్కలో శాలువా!
గుంటూరోళ్లకే చెల్లింది.

మూడో వరసలోంచి ఒకావిడ లేచొచ్చింది,
చంకలో పిల్లల నోటుపుస్తకం.
పేరు పైడితల్లి, మున్సిపాలిటీలో చీపురు మేస్త్రి.
"మా తాత సింహాచలం.
ఆ ఉత్తరాది నుంచి రైలెక్కొచ్చి ఈ ఊరు ఊడ్చాడు.
ఏ ఏడు వచ్చాడో తెలిస్తే చాలు నాకు.
ఊడ్చేవోళ్ల హాజరు పట్టీలు ఏ బల్లలో పెట్టారు?"

ఏ బల్లలోనూ లేవు.
జాబితాలో ఉన్నాయి, రెండొందల పద్నాలుగో బైండు,
ఎదురుగా: లభ్యం కాలేదు.
ఆ రాత నాదే.
వరసగా పద్దెనిమిది బైండ్లకు అదే రాశాను,
చివరికొచ్చేసరికి అక్షరాలు బాగా కుదిరాయి కూడా.

ఒక ఎండాకాలం ఇనప బీరువాలొస్తున్నాయని
గది ఖాళీ చెయ్యమన్నారు.
"అక్కర్లేనివి తీసెయ్ మీరా" అన్నాడు ఆఫీసరు.
ఏవి అక్కర్లేదో చెప్పలేదు.
భూముల పట్టీల జోలికెళితే ఉద్యోగం ఊడుద్ది.
పన్నుల పుస్తకాలకి రోజూ ఎవడో ఒకడొస్తాడు.
వీధులూడ్చేవాళ్ల పుస్తకం కోసం
ఎవరొస్తారులే అనుకున్నాను.
రెండు రిక్షాలు.
పట్నంబజారులో కాటా.
వచ్చిన డబ్బుల్లో నా వాటాకి
మా పిల్లకి చెప్పులొచ్చాయి, పట్టీ ఉన్నవి.

ఆ వారమే
నాజ్ సెంటర్లో నిలబడి మిరపకాయ బజ్జీ తింటుంటే
పొట్లం నూనెలోంచి అక్షరాలు తేలాయి.
నిలువు గీతలు. ఎర్రసిరా.
అప్పన్న. గైర్హాజరు. అర రోజు కోత.
కారణం: ఆడపిల్ల పుట్టినది.
కోతకి కారణం ఎవడూ రాయడు,
రాయాల్సిన పనీ లేదు.
ఎవరా గుమస్తానో, రాశాడు.
బజ్జీ నోట్లో కాలుతుంటే
రెండుసార్లు చదివాను.

ఇదంతా ఆవిడకి చెప్పాను.
శాలువా తీసి కుర్చీ మీద పెట్టి చెప్పాను.
తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.
"అప్పన్న మా తాత కాదు" అంది.

వెనక పులిహోర గంగాళాలు దింపుతున్నారు,
జనం అటు కదిలారు.
ఆవిడ కదల్లేదు.
నోటుపుస్తకం తెరిచి పెన్ను విదిలించింది.
"మళ్లీ చెప్పు. ఎవరి తాతైతే ఏంది,
ఆ పిల్ల ఎక్కడో ముసల్దై ఉంటది."
అర రోజు, అని రాసుకుంది.
ఎర్రసిరా, అని కూడా.

"తిన్నాక ఆ కాగితం ఏం చేశావు?"

"చేతులు తుడుచుకున్నాను."

అదీ రాసింది, ఒక్క మాట వదలకుండా.
రాసి, గీత కొట్టి,
గీత కింద నా పేరు మొదలుపెట్టి ఆగింది.
"నూర్‌బాషాలో నూ కి దీర్ఘం ఉందా?"

ఉందని చెప్పాను.