సీసా మీద చీటీ

గ్రోనింగెన్‌లో పొద్దున్నే నా పని
పుంజుల తురాయిలు కొలవడం.
పదహారు పుంజులు, ఒక్కదానికీ కూత లేదు.
వృషణాలు తీసేశాక తురాయి
ఎండిన నారింజ తొక్కలా పక్కకి వాలిపోతుంది.
ఇత్తడి కొలబద్ద, కొంకర్లు పోయే వేళ్లు,
నోటుబుక్కులో మిల్లీమీటర్లు.

పోలీసు బరాకుల నుంచి వారానికి మూడుసార్లు
బండి మీద పీపాలు వచ్చేవి.
వీధి మొగలో పిల్లలు ముక్కులు మూసుకుని
"ప్రొఫెసర్ గారి బీరొచ్చింది!" అని అరిచేవాళ్లు.
అంత ఉచ్చా మరిగించి, వడగట్టి, మళ్లీ మరిగిస్తే
చివరికి గోటి మీద పట్టేంత పొడి.
నూనెలో కలిపి బొట్టు బొట్టుగా రాస్తే
ఐదో రోజుకి తురాయి ఎర్రబడేది.
ఎనిమిదో నంబరు పుంజు మెడ నిక్కించి
పిలవాల్సినవాడి పేరు మరిచిపోయినట్టు
నోరు తెరిచి ఆగిపోయేది.

ప్రొఫెసర్ ఓస్టింగా నవ్వగా చూసింది ఆ రోజే.
"మగతనం, ఫ్రౌకె. ఇదిగో, తూకం వెయ్యి."
వేశాను. ఆయన రాసుకున్నాడు.

ఇంటి దగ్గర మా తమ్ముడు వీబ్రెన్‌కి పంతొమ్మిదేళ్లు.
గడ్డం రాలేదు, గొంతు పగల్లేదు.
చర్చిలో ఇంకా చిన్నపిల్లల వరసలోనే పాడించేవాళ్లు,
వాళ్లకంటే మూరెడెత్తు వాణ్ణి.
అమ్మ ప్రతి ఆదివారం వాడి దవడ తడిమేది
పిండి పొంగిందేమో చూసినట్టు.
వాడు పన్నెత్తి మాట అనేవాడు కాదు.
సాయంత్రం ఆవుల్ని పేరుపేరునా పిలిచేవాడు,
కాలవ అవతలి గట్టున కూడా ఆవులు తలలెత్తేవి.

నేనొకసారి దొంగతనం చేశాను.
గ్లోవు వేల్లో దాచి, ఒక్క గాజు గొట్టం.
అల్మరాలో, శీతాకాలపు మేజోళ్ల కింద
అది రెండు నెలలుంది.

ఫిబ్రవరిలో కాలవ గడ్డకట్టి పీపాలు రాలేదు.
"గుర్రాలది తెండి, చూద్దాం" అన్నాడు ప్రొఫెసర్.
ఒక మగగుర్రం, ఒక ఆడగుర్రం, రెండు సీసాలు.
చీటీలు రాసింది నేను. అంటించిందీ నేనే.
స్త్రీ హార్మోన్ సోకితే చెప్పేసే ఎలుకలుండేవి మా దగ్గర.
అవి మగగుర్రం సీసానే చూపించాయి.

"చీటీలు తారుమారు చేశావు."
చెయ్యలేదన్నాను.
రెండోసారీ అంతే.
"సోమవారాలు నీకు నిద్ర చాలదు."
మూడోసారి బకెట్ పట్టుకుని
నేనే వెళ్లి దాని వెనక నిలబడ్డాను.
పేరు అడ్మిరాల్. దాని పిల్లలు
మూడు జిల్లాల్లో నాగళ్లు లాగుతున్నాయి.
తోక పక్కకి తీసి, నా మొహం మీద ఆవిరి కమ్మేలా
అది నింపిన బకెట్‌ని
ఎవరి చేతికీ ఇవ్వకుండా
మంచు మీద జారుతూ మోసుకొచ్చాను.

అదే ఫలితం. ఆడగుర్రం దానికి ఎన్నో రెట్లు.

ప్రొఫెసర్ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.
నాకు క్షమాపణ చెప్పలేదు.
"పేర్లు తొందరపడి పెట్టేశామేమో"
అన్నాడు, అద్దంతో.

ఆ రాత్రి వీబ్రెన్‌కి అంతా చెప్పి
గాజు గొట్టం చేతిలో పెట్టాను.
దీపానికి అడ్డం పట్టి చూశాడు.
"రాసుకుంటే?"
"తురాయి మొలుస్తుంది."
ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం, అమ్మ లేస్తుందని మెల్లిగా.
"మానేస్తే?"
"రెండు వారాల్లో వాడిపోతుంది. నేనే కొలిచాను."

వాడు మూత తీసి, లేచి,
ఏళ్లుగా కీచుమంటున్న వంటింటి తలుపు
మడతబందు మీద ఒక చుక్క వేశాడు.
తెరిచాడు, మూశాడు. చప్పుడు లేదు.
మిగతాది ఏం చేశాడో
నేనెప్పుడూ అడగలేదు.

మర్నాడు ఎనిమిదో నంబరు పుంజు కూసింది,
మధ్యలో ఆగకుండా, చివరిదాకా.
నోటుబుక్కులో కూతకి గడి లేదు.
అంచున పెన్సిలుతో రాశాను:
ఏడుంపావు. మబ్బు. ఒక్కసారి.