ఊరు గడి

మే నెల. కల్వకుర్తి శాఖా గ్రంథాలయంలో
తిరిగే ఫ్యాను ఒక్కటే.
దాని కింది బెంచీ ఈదమ్మది.
చదువు రాదు. నిన్నటి పేపరు మడిచి
తలకింద పెట్టుకుని రెండింటిదాకా పడుకుంటుంది.
లేచాక అడుగుతుంది:
"ఇయ్యాల ఏం జదివినవ్ సారూ?"

ఆ రోజు నేను చైనాలో ఉన్నాను.
అట్ట ఊడిన పుస్తకం. నడుమ పద్దెనిమిది పేజీలు చెదల పాలు.
తినగా మిగిలింది చెప్పాను.

ఒక తల్లి ఉందట. పుట్టనిది, చావనిది.
పిల్లల్ని కని లోకంలోకి పంపింది.
ఎంతమందినంటే, తొంభైయారు అని రాసి
పక్కన సున్నాలు పెట్టుకుంటూ పోయారు.
లోకాన్ని వాళ్లు ఎర్ర దుమ్ము అంటారు.
"మన దిక్కే జెప్పిన్రు," అంది ఈదమ్మ.
ఆ దుమ్ములో ఆడుకుంటూ పిల్లలు దారి మరిచారు.
తల్లి ఏడ్చుకుంటూ ఉత్తరం రాసింది:
ఇంటికి రండి.
ఆ ఇంటి పేరు నిజమైన శూన్యం.

"శూన్నెమంటే?"
ఏమీ లేనిది.
"బయలని జెప్పరాదు!"
లేచి కూర్చుంది.
వాళ్ల మామ అచల గురువు దగ్గర ఉపదేశం పొందినవాడు.
ఊరవతల చేన్లో తెల్లవార్లూ తత్వాలు పాడేవాడట,
ఎరుక ఒక బుడ్డిదీపం, అదారితే మిగిలేదే బయలని.
"చైనోళ్లకు గూడ ఎరికేనా?"
పక్కూరి పెండ్లి కబురు విన్నట్టు అడిగింది.

మొదట చెప్పినవాడొక సిపాయి.
పన్ను బియ్యం మోసే పడవలకు కాపలా.
తల్లీ తండ్రీ లేనివాడు, పదమూడేళ్లు వెతికాడు;
ఆకాశమూ నేలా లేనప్పుడు ఉన్నదేదో
అదే తన సొంతూరని తేల్చుకున్నాడు.
ఆ మాట పడవవాళ్లు పట్టుకున్నారు.
రాజు తవ్వించిన కాలువ, రాజధానికి బియ్యం,
పడవలు ఆగిన నెలల్లో
గట్టుమీది మఠాల్లో తల దాచుకోవడం.
మాంసం మానినవాళ్లూ, మానని వాళ్లూ.
దిక్కులేక చచ్చినవాడికి మఠం వెనక మూడు మూరల నేల.

కాలువ అనగానే ఈదమ్మ తన చేతులు చూసుకుంది.
గుంపు మేస్త్రీ తోలుకపోయిన చోటల్లా తవ్విన చేతులు,
కొన్ని చోట్లకు ఆమె దగ్గర పేర్లు కూడా లేవు.
"మాకు మఠమెక్కడిది సారూ. తాండ్ర బాలయ్య జస్తే
కట్టల్నే పెట్టి రోలరు తోలిన్రు.
నీళ్లిడిసిననాడు వాని పక్క పొంటే పోయినయ్."

కాసేపు పేజీ తిప్పలేదు నేను.

మూడు సూర్యుళ్ల కథ ఆమెకు నచ్చలేదు.
పచ్చ సూర్యుడి కాలం అయిపోయింది, ఇది ఎర్ర సూర్యుడిది,
తెల్ల సూర్యుడొస్తే నవ్వే బుద్ధుడు దిగుతాడు.
"ఈ ఎర్రదానికే నెత్తి పలుగుతుంటే, ఇంకోటా!"
కానీ ఆ తెల్ల పొద్దు కోసమే
ఊళ్లకు ఊళ్లు కొడవళ్లెత్తాయి.
ఎత్తనివాళ్లనూ కలిపి కట్టుకుపోయారు.
ఎనిమిదక్షరాలు పలికితే దెబ్బలు, దేశాంతరం.
ఒక అధికారి ఆ పుస్తకాలను కాల్చేముందు
ఒక్కొక్కటీ చదివి, తిట్టడానికని మాటలు ఎత్తి రాసుకున్నాడు.
కొన్ని పుస్తకాలు ఇప్పుడు
అతని తిట్లలోనే మిగిలాయి.

"ఏందా ఎనిమిది?"
చైనా మాటకు నా నోరు తిరగలేదు.
బయలే మా ఊరు, పుట్టనిదే మా అమ్మ
అన్నాను.
వేళ్లు మడిచింది, మళ్లీ మడిచింది.
"పదమూడైతున్నయ్ గద."
ఆలోచించి, "పోనీ, సిపాయి ఎతికిన ఏండ్లన్ని," అంది.

"ఉత్తరం అందిందా మరి?"
చివరి పేజీలు వెతుకుతుంటే కరెంటు పోయింది.
ఫ్యాను మూడు చుట్లు తిరిగి ఆగింది.
ఆమె కొంగు దులిపింది,
బెంచీ మీద సన్నగా ఎర్ర దుమ్ము.
పోయేముందు రోజూలాగే రిజిస్టరులో వేలిముద్ర.
పక్కన పేరు రాశాను. వయసు అరవై, అంచనాకు.
ఊరు అన్న గడిలో వెల్దండ అని రాయబోతుంటే
నా పెన్ను మీద చెయ్యి పెట్టింది.

"దాన్ని గట్లనే ఇడిసిపెట్టు."