పిడికెడు శాంపిలు

ఎంజీఎం జ్వరాల వార్డుల
పద్నాలుగో మంచం మీద మా నాయిన.
కాళ్లు మంచం దాటి బయటికొచ్చినయ్.
సీసాలోంచి చుక్క, చుక్క,
ఆగి ఆగి ఇంకో చుక్క.
ప్లేట్‌లెట్లు ముప్పై ఎనిమిది వేలని
ఎస్తేరు సిస్టర్ కేసుషీటు మీద రాసి
ఆ అంకె కింద రెండు గీతలు కొట్టి పోయింది.

"లోపల ఏం నడుస్తున్నదే బిడ్డా,
నువ్వు సదివేది అదే గద"
అన్నడు, కండ్లు తెరవకుండనే.

రెండేండ్లుగా వల్లెవేసిన మాటలన్నీ
నోట్లోనే ఉన్నయ్.
ఎనుమాముల యార్డుల ముప్పై ఏండ్లు
మిర్చి బస్తాలు మోసిన మనిషికి
వాటిల ఏది చెప్పాలె?
ఆయన గోళ్ల సందున ఎర్ర పొడి కనపడ్డది.
అక్కడ్నుంచే మొదలుపెట్టిన.

నాయినా, ఒంట్లో ప్రతి కణమూ కుట్టేసిన బస్తా.
లోపలేమున్నదో బయటోనికి తెల్వదు.
అందుకే ప్రతి బస్తాల చిన్న చిన్న కత్తుల పీపాలు,
నాలుగు కడియాలు ఒకదాని మీదొకటి పేర్చినట్టు.
పదునంతా లోపలికే.
వంకర పోయింది, పాతబడ్డది, పనికిరానిది
మెడకు చీటీ కట్టించుకొని వస్తది.
చీటీకి చీటీ గొలుసు కట్టాలె, ఒక్కటి చాలదు.
తక్‌పట్టీ లేంది సరుకు గేటు దాటదు గద, అట్లనే.
పీపా చీటీలిప్పి పక్కన పెడ్తది, మళ్ల వాడుకోవాలె.
సరుకును తునకలు చేస్తది.

"చెత్త కోసుడా?"

చెత్త కోసుడే.
కానీ ఆ తునకల్ల కొన్నిటిని
ఎనిమిది తొమ్మిది పూసల పొడుగువి
బస్తా మూతి కాడికి పంపి
అరచేతిల పెట్టి బయటికి చాపుతది:
ఇగో, నా లోపలి సరుకు, చూస్కోండ్రి.
రక్తంల తిరిగే ఖరీదుదార్లు
వంగి, వేళ్లతో నలిపి,
మనదే అని ముందుకు పోతరు.
పరాయి తునక తగిలితే మాత్రం
ఆ బస్తాను అక్కడికక్కడే తగలబెడ్తరు.

ఒకదానికి పురుగు పడ్డదంటే
పక్క బస్తాలకు చాటింపు పోతది.
విన్నవన్నీ పీపాల కత్తులు మార్చుకుంటయ్,
ఖరీదుదారు కంటికానే తునకలు తెగాలని.
ఈ కాక, ఈ ఒళ్లు నొప్పులు
సగం ఆ డప్పు మోతే.

"మరి దోమ తెచ్చిన దొంగ ఊకుంటడా?"

ఊకోడు.
చాటింపు విని లోపలికి ఉరికే కబురుమనిషి మెడకు
తనే చీటీ కట్టిపిస్తడు.
మన పీపాకు చీటీ తప్ప మొఖం తెల్వదు.
మన కత్తులతోనే మనోణ్ణి కోయిస్తడు.

నాయిన నవ్వబోయి దగ్గిండు.
కాజీపేట దిక్కు బండి కూత.
చాలాసేపటికి, అడగకుండనే చెప్పిండు.
నేను పుట్టిన ఏడు, మేనమామ కొంరయ్య
నడికూడ నుంచి ఇరవై బస్తాల చపాట తెచ్చిండట.
పైన నిగనిగలాడే కాయ,
అడుగున నీళ్లు కొట్టిన తాలు.
"బస్తా కోసేటోణ్ణి నేనే.
పైన కోయి బావా అని కండ్లతోనే బతిమిలాడిండు.
అడుగున కోసిన."
పిడికెడు తీసి అందరి ముందట చాపిండట.
ఇరవై బస్తాలకూ ధర పడలేదు.

అవ్వ పుట్టింటికి ఎందుకు పోదో
నాకు ఇయ్యాల్టి దాకా తెల్వదు.

"తగలబెట్టేటియి,
ఇంకా పానమున్నయి గూడ ఉంటయా?"
ఉంటయ్ అన్న.
చెయ్యి చాపి చూపించుకున్నయ్ గనుకనే
దొరికినయ్ అన్న.
"ఊఁ" అన్నడు, గోడ దిక్కు తిరిగి.

తెల్లారంగ నుదుట చెమట.
ఎస్తేరు సిస్టర్ సూది పట్టుకొనొచ్చి
చెయ్యి చాపు పెద్దాయనా, పిడికిలి బిగించు అన్నది.
బిగించిండు.
నెత్తురు తీసినంక, ఇగ చాలు, విప్పమన్నది.

ఎంతసేపటికీ విప్పలేదు.