మర కుదరాలి

మిషను మోటారు పెట్టే స్విచ్చిబోర్డుకి
కుడిమూల స్క్రూ ఊడి ఎక్కడో పడిపోయింది.
గుడ్డపీలికల్లో వెతికాను, అయస్కాంతం తిప్పాను.
గుండుసూదులొచ్చాయి, హుక్కులొచ్చాయి,
ఎప్పుడో పోయిన బాబిన్ కూడా వచ్చింది.
అది మాత్రం రాలేదు.

ప్లగ్గు లాగినప్పుడల్లా బోర్డు
గోడలోంచి తల బయటపెట్టి చూస్తుంది.
వెనకాల ఎర్ర తీగ, నల్ల తీగ,
పురికొస కట్టిన ఏదో పాత పచ్చ తీగ.
ఇంటాయనొచ్చి చిల్లులో అగ్గిపుల్ల దోపి
"ఇంకేటి, అయిపోనాది" అన్నారు.
ఒక జాకెట్టు చంక కుట్టేలోపు
అగ్గిపుల్ల జారి నా ఒళ్లో పడింది.

మెయిన్ ఆపి, ఎడమమూలది విప్పి,
ఎవరివో నడుంకొలతలున్న చీటీలో చుట్టి
గంటస్తంభం పక్క కొట్టుకి వెళ్లాను.
"స్టారా? మైనసా? ఇంచా, ఇంచిన్నరా?"
కుర్రాడు చీటీ విప్పనేలేదు.
బొటనవేలి గోరు చూపించి ఇంతుంటుందన్నాను.
పది రూపాయలకి ఆరు, తళతళా మెరుస్తున్నాయి.

రెండు చుట్లు బుద్ధిగా తిరిగింది.
మూడో చుట్టుకి మొండికేసింది.
నొక్కితే వెళ్లేదేమో, నొక్కలేదు.
పెద్ద గుండీని చిన్న కాజాలోంచి దూర్చితే
చిరిగేది కాజాయేనని నాకు తెలీదా?

మా అమ్మ కుట్టుమిషన్ని మర అనేది.
మరచెంబు మూతకీ అదే మాట, మరమేకుకీ అదే మాట.
రైలు ప్రయాణాల్లో ఆ చెంబు మూత
ఎవరు తిప్పినా అడ్డంగా పట్టేసేది.
అమ్మ మాత్రం ముందు వెనక్కి తిప్పేది,
టిక్కుమనేదాకా. తర్వాత ముందుకి.
ఆ టిక్కు కోసం చెవి దగ్గర పెట్టుకునేది.

మూడు లాంతర్ల దగ్గర పెద్దాయన
కళ్లజోడు పైకెత్తి చీటీలోదాన్ని చూశాడు.
"ఇది అంగుళాల కాలం నాటి మర, తల్లీ.
ఇప్పుడొచ్చేవన్నీ మిల్లీమీటర్లు.
పొడుగు ఒకటే, లావూ ఒకటేలాగే ఉంటాది,
లోపల చుట్ల లెక్క వేరు.
పెట్టె మార్చేయించు."
పెట్టె మార్చాలంటే గోడ తవ్వాలి,
గోడ తవ్వాలంటే ఇంటాయన ఒప్పుకోవాలి.

ఉల్లివీధిలో బోనెల సన్నెమ్మ పేరు చెప్పింది
ఆ కొట్టులో తాడు కొనుక్కుంటున్న ఒకావిడ.
వైరింగు మేస్త్రి గౌరునాయుడు పెళ్లాం.
ఆయన పోయి నాలుగేళ్లు.

సన్నెమ్మ చోళ్లు చెరుగుతోంది.
నేను చెప్పింది విని, చోళ్లు గిన్నెలోకి వొంపేసి
అటకమీది పచ్చడిజాడీ దింపి
అదే చేటలో స్క్రూలు పోసింది.
బోర్డు మార్చిన ప్రతి ఇంటినుంచీ
పాతవి జేబులో వేసుకొచ్చీవోడట.
"సొక్కా ఉతికినప్పుడల్లా ఇయ్యే. తిట్టీదాన్ని."

ఆమెకి చూపు ఆనదు.
ఒక్కోదాని మీదా గోరు గీరి వింటుంది.
"ఇది గరుకు. ఇదీ కాదు. ఇది సన్నమర."
చేట ఒకసారి ఎగరేసింది, అలవాటుకొద్దీ,
తేలికవి అంచుకొచ్చాయి.
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.
రెండు తీసి నా అరచేతిలో పెట్టింది,
చిలుం పట్టినవి, బరువైనవి.
"ఇత్తడివి. నీ సూదంటురాయికి అందుకే దొరకనేదు."

డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకుంది.
నా తళతళలాడే ఆరింటినీ చూపించి
ఇవి దేనికీ పనికిరావమ్మా అన్నాను.
"ఏల రావు? ఎవులింటికో సరిపోతాయి"
జాడీలో వేసేసింది, అంతే.

వెనక్కి తిప్పాను. టిక్కుమంది.
ముందుకి తిప్పాను.
గోడ బోర్డుని దగ్గరికి లాక్కుంది.

మొన్న మోటారు విప్పి తుడుస్తుంటే
నూనెమడ్డిలో దొరికింది అసలుది.
సన్నెమ్మకిచ్చేయాలి.
రోజూ అనుకుంటున్నాను, రోజూ
కొలతల చీటీలు ఎగిరిపోకుండా
దాన్నే బరువు పెడుతున్నాను.