చిరునామా

ముప్పై ఒక్క ఏండ్లు
ఎండిన ఆకులకు జిగురు పెట్టుడే నా కొలువు.
హన్మకొండల, కాలేజి ఎనుక గదిల
కలరా ఉండల వాసనల కూసోని
చీటీలు రాసేది నేనే.
సార్లు చెప్తుంటే రాసుడు:
పేరు, తారీఖు, ఏ ఊరు,
ఏ చెట్టు మీద, ఎంత ఎత్తుల.
"ముత్యాలోలె ఉన్నది రాత, కొంరెల్లీ" అనేటోళ్లు.

ఓ ఏడు, మిరుగు ఇంక నాలుగొద్దులున్నదనంగ
తాడ్వాయి దాటినంక జీపు ఆపి
ఈసం బుచ్చయ్య ఎనుక నడిచినం.
వాగు ఒడ్డుకు మూడు నల్లమద్దులు.
నడిమి దాని కొమ్మ సందుల బదనిక.
వాసన ముందు వచ్చింది,
పువ్వు తర్వాత కనపడ్డది.
ఇటుక రంగు గళ్ల చీర,
నోట్లె నేరేడుపండు తిన్న మరక.
బుచ్చయ్య ఎక్కిండు. ఒక్క రెమ్మ ఇరిచిండు.
"మిగిలినయి మనయి కావు" అన్నడు దిగుకుంట.
మరి ఎవలియి అని నేనడగలే.

ఆ రాత్రి చీటీ మీద
వాగు పేరు రాసిన,
ఏనుగు బోర్ల పడ్డట్టున్న బండ గుర్తు రాసిన,
బాట నుంచి ఎన్ని అడుగులో సుత రాసిన.
ముత్యాలోలె.

శానేండ్లకు ఓ పిలగాడు వచ్చిండు.
పరిశోధన అన్నడు, బుక్కుల సంతకం పెట్టిండు,
నాకు ఛాయ్ తెప్పిచ్చిండు.
ఒక్క ఆకును ముట్టలే.
చీటీలకే ఫొటోలు తీసుకున్నడు.
మంచి పిలగాడు, ఆకు ఇరగనియ్యలే అనుకున్న.

కాజీపేట రోడ్డు మీద నర్సరీల
కొబ్బరి పీచుకు ఇనుప తీగతోటి కట్టి
వరుసగ ఏలాడదీసిండ్రు.
"అడివిది అంకుల్, అసలుది. ఎనిమిది నూర్లు."
ఏర్లు ఇంకా మద్ది బెరడును పట్టుకొనే ఉన్నయి.
బడికి పోనని గుంజను కరుచుకున్న పిల్లను
గుంజతోటే లేపుకచ్చినట్టు.
నీళ్లు ఎన్నిసార్లు పొయ్యాలె అని
ఒకామె అడుగుతున్నది.
మూడు నెల్లు బతికితే ఎక్కువ.
నేను ఆ మాట అనలే.

బస్సెక్కి పోయిన.
బుచ్చయ్య కండ్లకు పొర వచ్చింది,
గొంతు పట్టి గుర్తు పట్టిండు.
"బస్తాకు రెండు నూర్లు ఇచ్చిండ్రు సారూ.
మా పోరగాండ్లే ఎక్కిండ్రు.
నిచ్చెన నేనే పట్టిన."
ఇంకేం అనలే. నేను సుత ఏమన్లే.

మూడు మద్దులు ఉన్నయి.
లెక్క రాసేటోడు వస్తే
ఒక్క చెట్టు సుత తక్కువ పడదు.
దాని ఇత్తు ఇత్తు కాదు, దుమ్ము, అని
సారు ఎన్నడో చెప్పిండు.
బెరడుల కండ్లకానని బూజు చెయ్యి పట్టుకుంటెనే
మొలుస్తదట, ఏండ్లకు గాని పూయదట.
బూజు ఉండొచ్చు ఇంకా, చెయ్యి చాపుకొని.
చిన్న తేనెటీగ ఒకటి
పువ్వు ఉండాల్సిన ఎత్తుల ఆగి
జరసేపు గాలిలనే నిలవడి
పోయింది.

కొలువు దిగే వారం ముందు
నల్ల సిరా బుడ్డి కొనుక్కపోయిన.
బీరువా ఎనుక బీరువా తెరిచి
వాగుల పేర్ల మీద, గుట్టల పేర్ల మీద,
అడుగుల లెక్కల మీద
ఒక్కొక్క ముత్యం మీద రుద్దిన.
తప్పో ఒప్పో, కొత్త సారు తిడుతడో,
ఏళ్లు నల్లగయినయి.

ఒక్క చీటీ ఇడిచిపెట్టిన.
మూడు మద్దులది.
ఆ చిరునామా
ఇగ ఎవలన్న చదువుకోవచ్చు.